స్టువర్టుగారి ఇంటిపేరు

బాపట్లలో నాకు కొందరు సాహితీ మిత్రులున్నారు. నెలకొకసారి ఒక హాల్లో చేరి, కాఫీలు తాగి, ఎవరో ఒకరిచేత ఉపన్యాసం చెప్పించి, ఓపికగా భరిస్తారు. కిందటి శీతకాలంలో భరింపజేసే వంతు నాకు వచ్చింది.

"ఇంటిపేర్లమీద మాట్లాడండి మాస్టారూ! ఇంటిపేరు లేనివాడుండడు గనక అందరూ మెలకువగా వింటారు" అన్నాడు కార్యదర్శి.

సరేనన్నాను గాని, ఆ విషయం ఇరవైయేళ్ళుగా తెనాలిలో మా క్లాసుల్లో చెప్పి చెప్పి నాకే మొహం మొత్తింది. 'పాడు' అనే ఊరు ఇంటిపేరులో 'పాటి' అవుతుంది, 'ఊరు' కాస్తా 'ఊరి' అవుతుంది. తెనాలి రామకృష్ణుడు గార్లపాటివారు. చలంగారు పుట్టింది కొమ్మూరివారింట, దత్తు పోయింది గుడిపాటివారికి. భండారువారి పూర్వులు ఏ భాండాగారం తాళాలో పుచ్చుకున్నవారై ఉంటారు. ప్రగడ అంటే మంత్రి. ఇదంతా బాపట్లవారికి తెలియదనా? నాకంటే పెద్దవాళ్ళు, నాకు పాఠం చెప్పగలవాళ్ళు ముందు వరసలో కూచుంటారాయె.

అందుకని ఈసారి కొత్తదనంకోసం దొరల ఇంటిపేర్లు కూడా కాసిని కలుపుదామనుకున్నాను. మా ఆవిడ విని, "మనవాళ్ళ పేర్లు అయిపోయాయా?" అంది. అయిపోలేదు, మనవాళ్ళ పేర్లంటే ఎవరి ఇంటిపేరు చెబితే ఎవరికి కోపం వస్తుందోనన్న భయం ఒకటుంది. ఇంటిపేరడగటం కులమడగటానికి మర్యాదైన మార్గమని మనందరికీ తెలుసు. దొరలకైతే ఆ బాధ లేదని నా ఊహ. అది ఎంత తప్పు ఊహో తరవాత తెలిసింది.

ఇంగ్లీషువాళ్ళకు కూడా మొదట ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు వచ్చి రాజ్యం పుచ్చుకున్న తరవాత, భూములకూ పన్నులకూ లెక్కలు రాయటం ఎక్కువై, మెల్లిమెల్లిగా నాలుగు వందలయేళ్ళలో స్థిరపడ్డాయి. వాటి పుట్టుక మనకు పరాయిగా ఏమీ ఉండదు. కమ్మరి కొడుకు స్మిత్. జాను కొడుకు జాన్సన్. ఒంటిచాయనో జుట్టు రంగునో బట్టి వచ్చింది బ్రౌన్. మన నిఘంటుకారుడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పూర్వుడెవరో చామనచాయవాడన్న మాట. ఇక ఊరినిబట్టి వచ్చినవి బోలెడు.

కాటన్‌దొరగారి దగ్గర నాకు మంచి గుణపాఠమే అయింది. గుంటూరు సీమలో పుట్టినవాణ్ణి గనక కాటన్ అంటే పత్తేననీ, ఆయన తాతముత్తాతలు పత్తి వర్తకులై ఉంటారనీ తరగతిలో దర్జాగా చెప్పేవాణ్ణి. కాదట. బట్టనేసే కాటన్ అరబ్బీ మాట. ఇంటిపేరు కాటన్‌కు మూలం పాత ఇంగ్లీషులో 'గుడిసెలవద్ద' అనే అర్థంగల మాట. మన లెక్కన 'పల్లె' వారు! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన మహానుభావుడి ఇంటిపేరులో పత్తికాయ ఒక్కటీ లేదు, నాలుగు గుడిసెలున్నాయి. తెనాలి మధ్యగా పారే కాలవల్ని చూసినప్పుడల్లా ఎన్ని బ్యాచీల పిల్లలకు ఆ తప్పు అప్పగించానో అని తల వంచుకుంటూ ఉంటాను. ఆ కాలవలకు మూలమైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. అది కట్టించిన ఇంజనీరు కాటన్ కాదు గాని, ఆయన చూపిన దారే.

అదలా ఉంచండి. గోదావరి దాకా పోనేల, బాపట్ల సభ గనక బాపట్ల చుట్టుపక్కలే దొరపేరుగల ఊరుందా అని ఆలోచించాను. వెతకనక్కరలేదు. బాపట్ల దాటి చీరాల వైపు పోతుంటే రైలు స్టేషను బోర్డుమీదే ఉంది. స్టువర్టుపురం.

అప్పటికి నాకు ఆ ఊరు తెలియదనుకునేరు. తెలుగువాళ్ళలో ఆ పేరు వినని ఇల్లుందా? మాది రేపల్లె. చిన్నప్పుడు వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. నిద్రపోక అల్లరి చేస్తే, "మాట్లాడకండర్రా, స్టువర్టుపురంవాళ్ళు తిరుగుతున్నారు" అనేది మా నాయనమ్మ. అంతే, దుప్పటి ముసుగుపెట్టి ఊపిరి బిగబట్టేవాళ్ళం. మా నాయనమ్మ ఏనాడూ ఆ ఊరు చూడలేదు. ఆ ఊరి మనిషినీ చూడలేదు. ఆ మాటకొస్తే మా ఇంట్లో ఎత్తుకుపోదగిన వస్తువూ లేదు, ఒక్క ఇత్తడి గంగాళం తప్ప. అయినా రాత్రి పడుకోబోయే ముందు ఆ పేరు తలుచుకుని రెండోసారి గడియ చూసివచ్చేది.

ఆ పేరుకు అర్థం వెతుకుతూ పుస్తకాలు తిరగేశాను.

స్టువర్ట్ అన్నా స్టీవర్ట్ అన్నా ఒకటే ఇంటిపేరు. విమానాల్లో, పెద్ద హోటళ్ళలో స్టీవర్డ్ అంటారే, ఆ మాటే. పాత ఇంగ్లీషులో రెండు ముక్కలు కలిసి అయింది. మొదటిది 'స్టిగ్': ఇల్లు, లోగిలి. రెండోది 'వేర్డ్': కావలివాడు. ఇంటిని కాపాడేవాడు అన్నమాట. ఇంగ్లీషులో పందులదొడ్డిని కూడా 'స్టై' అంటారు గనక, స్టువర్టులు పందుల కాపర్లని ఎకసక్కెం చేసినవాళ్ళున్నారు గాని, పండితులు దాన్ని ఒప్పుకోరు. ప్రభువుగారి ఇంట్లో భోజనాల ఏర్పాటూ, నౌకర్లూ, జమాఖర్చులూ, తాళాలూ అన్నీ ఎవరి చేతిలో ఉంటాయో ఆయన స్టీవర్డ్. మన దివాణాల్లో పేష్కారుకూ భాండాగారికీ మధ్య ఉద్యోగం.

ఈ ఇంటిపేరుకు పట్టిన అదృష్టం చూడండి. పన్నెండో శతాబ్దంలో స్కాట్లండు రాజు డేవిడ్, వాల్టర్ అనే ఆయన్ను తన దివాణంలో స్టీవర్డుగా పెట్టుకున్నాడు. ఈ వాల్టరు ఇంగ్లండునించి వలస వచ్చినవాడు; ఆయన పూర్వులు ఫ్రాన్సులోని బ్రిటనీ వాళ్ళు. ఆ ఉద్యోగం వంశపారంపర్యమైంది. కరిణీకం చేసినవారు కరణంవారైనట్టు, స్టీవర్డు ఉద్యోగం చేసినవారు స్టీవర్టులయ్యారు. ఆ వంశంలో ఆరోవాడు రాజు రాబర్ట్ బ్రూస్ కూతురు మార్జరీని పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకు 1371లో సింహాసనమే ఎక్కాడు. ఇంటి తాళాలు చేతికిస్తే ఇల్లే సొంతమయిందన్నమాట! తరవాత రాణి మేరీ ఫ్రాన్సులో పెరిగింది. ఫ్రెంచివాళ్ళ రాతలో 'డబ్ల్యు' అక్షరానికి చోటు తక్కువ. దాంతో స్టీవర్ట్ స్టువర్ట్ అయి కూచుంది. ఆమె కొడుకు జేమ్సు 1603లో ఇంగ్లండుకు కూడా రాజయ్యాడు. 1714లో ఆన్ రాణి చనిపోయేదాకా, మధ్యలో ఒకరి తల తెగి కొన్నాళ్ళు రాజ్యం రాజులేకుండా నడిచినా, ఆ వంశమే ఏలింది.

స్టువర్టు అన్నవాళ్ళంతా రాజవంశంవాళ్ళేం కారు. ఏ జమీలో ఏ దివాణంలో స్టీవర్డుంటే అక్కడ ఆ ఇంటిపేరు పుట్టింది.

మా రేపల్లె వాళ్ళకు ఇందులో ఒక వాటా ఉంది. 1611లో, ఆ జేమ్సు రాజ్యం చేస్తుండగా, ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబ్' అనే ఓడ మన తీరానికి వచ్చి మొదట లంగరు వేసింది రేపల్లెకు దక్షిణాన నిజాంపట్నంలోనే. ఆ ఊరి పాతపేరు పెద్దపల్లి. దొరల నోట పడి 'పెటపోలి' అయింది. అప్పుడు గోలకొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా. ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఒక కొట్టు పెట్టి, అక్కణ్ణించి మచిలీపట్నం వెళ్ళారు. స్టువర్టు రాజుగారి బట్టల బేరగాళ్ళు నిజాంపట్నం ఇసకలో దిగిన మూడు వందలయేళ్ళకు స్టువర్టు పేరు ఆ తీరానే ఒక ఊరికి పడింది.

'వేర్డ్' అనే రెండో ముక్క ఉందే, దాని సంతానం చాలా పెద్దది. లార్డ్ అంటే అసలు 'రొట్టె కాపలాదారు'. ఎడ్వర్డ్ అంటే సంపద కాచేవాడు. గార్డు, వార్డు అన్నీ ఆ ఇంటివే. మనకూ కాచేవాడు కాపు. ఇల్లు కాచుకుని ఉంటే కాపురం. నిఘంటుకారులు కోప్పడకపోతే స్టువర్టుపురాన్ని తెలుగుచేసి 'కాపురం' అనేయవచ్చు. ఈ చమత్కారం సభలో బాగా పేలుతుందని సంబరపడి రాసుకున్నాను. ఆ కింద ఇంకో మాట రాశాను: హాస్టల్ వార్డెన్ అనే మాట కూడా ఆ కుదుటిదే.

అక్కడ కలం ఆగింది.

ఎందుకంటే నేనూ ఒకప్పుడు వార్డెన్నే.

పది పన్నెండేళ్ళ కిందటి మాట. తెనాలిలో ఒక కాలేజీ హాస్టలుకు నన్ను వార్డెన్‌గా వేశారు. అరవైమంది పిల్లలు. ఒకనాటి సాయంత్రం ఒక కుర్రవాడు ఏడుస్తూ వచ్చాడు. మెస్సుకు కట్టటానికి ఇంటినించి తెచ్చుకున్న పద్దెనిమిది వందలు పెట్టెలో లేవు. వాడి వెనకాల ఓ పదిమంది. అందులో ఒకడు నా దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి, "బి.ఏ. మొదటి సంవత్సరం ఆ అబ్బాయి ఉన్నాడు చూడండి, వాడిది బాపట్ల కాదండీ, స్టువర్టుపురమండీ" అన్నాడు.

అంతకు మించి వాడేమీ అనలేదు. అనక్కరలేదు గదా.

నేను ఆఫీసుగదిలోకి వెళ్ళి బీరువాలోంచి అప్లికేషన్ల కట్ట తీశాను. అతనిది వెతికి చూశాను. చిరునామాలో బాపట్ల అనే ఉంది. కింద, తండ్రి సంతకం పక్కన, చిన్న అక్షరాలతో ఊరి పేరుంది. అతన్ని పిలిపించాను.

నా క్లాసులో మూడో బెంచీ. ఛందస్సు బాగా వచ్చేది. అక్షరం ముత్యం. వచ్చి నిలబడ్డాడు. సంగతి చెప్పాను. పెట్టె తాళం చెవి జేబులోంచి తీసి నా బల్లమీద పెట్టాడు.

"నన్ను మొదట పిలిచారేమండీ?" అన్నాడు.

"అందర్నీ పిలుస్తాను. ఎవరో ఒకరితో మొదలుపెట్టాలి గదా!" అన్నాను.

ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నేను పిల్లలతో ఆడిన అబద్ధాలన్నీ ఒకెత్తు, అదొకెత్తు. అతని గదికి వెళ్ళాం. పెట్టె తనే తెరిచి, ఒక్కొక్క వస్తువే తీసి మంచంమీద పేర్చాడు. మూడు చొక్కాలు, ఒక దుప్పటి, నోటు పుస్తకాలు, గోంగూరపచ్చడి సీసా. సీసా మూత తీసి కూడా చూపించాడు. నేను వద్దనలేదు. తరవాత మాట నిలబెట్టుకోటానికి మిగతావాళ్ళ పెట్టెలు కూడా చూశాను.

మూడోనాటికి డబ్బు దొరికింది. పోగొట్టుకున్న కుర్రవాడే భద్రంగా ఉంటుందని ఒక లావుపాటి అకౌంటు పుస్తకంలో పెట్టి మరిచిపోయాడు. రాత్రి భోజనాలప్పుడు మెస్సులో నిలబడి, "డబ్బు దొరికిందర్రా, ఇక ఎవరూ ఎవర్నీ అనుమానించకండి" అని ప్రకటించాను. ఎంత గంభీరంగా అన్నానో! అనుమానించింది నేనే. అతను పళ్ళెంలోంచి తలెత్తలేదు. నెలాఖరుకు హాస్టలు ఖాళీచేసి రోజూ పొద్దున్నే పాసింజరు బండిలో వచ్చి వెళ్ళటం మొదలుపెట్టాడు. మూడేళ్ళూ అలాగే చదివి మంచి మార్కులతో పాసయ్యాడు. నేను అతనితో ఒక్కమాట అనవలసి ఉంది. రేపు అంటానని వాయిదా వేస్తూ వచ్చాను. వాయిదాలు వేస్తే మూడేళ్ళు ఎంతలో గడుస్తాయి!

ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో అప్పుడైనా తెలుసుకోవలసింది. ఇప్పుడు చదివాను.

సర్ హెరాల్డ్ స్టువర్టు మద్రాసు సర్కారులో పెద్ద ఉద్యోగి. 1891 జనాభా లెక్కలు ఈ రాజధానికి రాసింది ఆయనే. తరవాత పోలీసు ఇనస్పెక్టర్ జనరలు. 1904లో దేశం మొత్తానికి పెట్టిన నేరపరిశోధన శాఖకు మొదటి డైరెక్టరు. చివరికి మద్రాసు గవర్నరు కార్యవర్గంలో సభ్యుడయ్యాడు. మనుషుల్ని లెక్కపెట్టటం, కనిపెట్టి ఉండటం: రెండూ ఆయన వృత్తి. ఇంటిపేరుకు తగిన మనిషే!

1871లో ఒక చట్టం చేశారు. కొన్ని కులాలకు కులాలే పుట్టుకతో నేరస్థులని దాని సారాంశం. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవారు అందులోకి వచ్చారు. పూర్వం వీళ్ళలో చాలామంది కోస్తానించి మెట్టసీమలకు ఎద్దులమీదా గాడిదలమీదా ఉప్పూ ధాన్యమూ వేసుకుపోయి అమ్ముకునేవారు. ఉప్పు ఎరుకలవారనీ, కరివేపాకు ఎరుకలవారనీ, వెదురుబద్దలతో బుట్టలల్లే దబ్బ ఎరుకలవారనీ వాళ్ళ తెగల పేర్లే చెబుతాయి ఎవరేం చేసి బతికారో. ఆ పేర్లలో దొంగతనం ఎక్కడా లేదు. రైళ్ళు వచ్చాయి, ఉప్పుమీద సర్కారు పెత్తనం వచ్చింది, గాడిదమీద ఉప్పుబస్తాతో ఇల్లు గడిచే రోజులు పోయాయి. ఊరూరా తిరిగేవాడికి నిలకడైన చిరునామా ఉండదు. చిరునామా లేనివాణ్ణి చూస్తే సర్కారుకు అనుమానం.

1913లో సాల్వేషన్ ఆర్మీవారి చేతికి అప్పగించి బాపట్ల పక్కన ఒక సెటిల్‌మెంటు పెట్టారు. దానికి స్టువర్టుగారి పేరు పెట్టారు. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, పనులు నేర్పారు, అది కాదనను. దాంతోబాటు వేలిముద్రలు, హాజరుపట్టీ, ఊరు దాటాలంటే చీటీ. కాపలా ఎవరికి? 'ఇంటి కావలివాడు' అని అర్థంగల ఊళ్ళో ఇంటివాళ్ళమీదే కావలి.

ఎరుక అనే మాట గురించి తెలుగు మాస్టర్ని గనక ఒకమాట చెప్పాలి. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. ఎరుకల ఆడవాళ్ళు బుట్టతో వచ్చి సోది చెబితే, మన అమ్మమ్మలు గడపలో కూచుని, చేట నిండా బియ్యం పోసి మరీ విన్నారు. ముందు జరగబోయేది చెప్పగల జ్ఞానం వాళ్ళకుందని నమ్మినవాళ్ళం మనమే, సాయంత్రమయ్యేసరికి గడియ పెట్టుకున్నవాళ్ళం మనమే.

ఆ చట్టం 1952 ఆగస్టు 31తో దేశమంతటా రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. 1970లలో గుర్రం జాషువాగారి అమ్మాయి హేమలతాలవణంగారు ఆ ఊరికి వెళ్ళి, ఏళ్ళతరబడి ఆ కుటుంబాల మధ్య తిరిగి, నేరం వదిలి కొత్తబతుకు మొదలుపెట్టాలనుకున్నవాళ్ళకు అండగా నిలబడ్డారు. అలాటివాళ్ళు ఎందరు పనిచేసినా సినిమావాళ్ళు ఊరుకోరుగా! 1991లో ఒక్క ఏడే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు. 2023లో మళ్ళీ ఆ ఊరి మనిషి కథేనంటూ ఇంకొకటి. నిలువెత్తు పోస్టర్లు తెనాలి గోడలమీద కూడా పడ్డాయి. వాటిని చూసి నవ్వుకుంటూ పోయినవాళ్ళలో నేనొకణ్ణి.

ఇంతకూ సభ. బాపట్లలో హాలు నిండింది, కాఫీ బావుంది. గార్లపాటి దగ్గర మొదలుపెట్టి గుడిపాటిమీదుగా కాటన్‌దొర గుడిసెల్లోకి వెళ్ళి స్టువర్టుదాకా వచ్చాను. ఇంటి కాపలాదారు అనగానే సభలో చిన్న కలకలం. కాపురం అన్న చమత్కారం అనుకున్నంతా పేలింది. చట్టం గురించి చెప్పాను, ఉప్పు గురించి చెప్పాను. లార్డ్, ఎడ్వర్డ్, గార్డు అంటూ వచ్చి, "హాస్టల్ వార్డెన్ కూడా..." అన్నాను. నోరెండింది. మంచినీళ్ళు తాగి కాగితం తిప్పేశాను. ఎవరూ గమనించలేదనే అనుకున్నాను.

సభ అయిపోయాక, కుర్చీలు సర్దుతుంటే ఒక యువకుడు వచ్చి నమస్కారం పెట్టాడు. కళ్ళజోడు, చేతిలో సంచీ.

"గుర్తుపట్టారా మాస్టారూ?"

పట్టకేం! మూడో బెంచీ.

రేపల్లె దగ్గర ఒక బడిలో తెలుగు పంతులుగా చేస్తున్నాడట. పెళ్ళయిందట, ఒక పాప. కబురు తెలిసి నా ఉపన్యాసం వినటానికే వచ్చాడు. ఆ మాట వినేసరికి నాకు కాళ్ళలో సత్తువ పోయింది.

"ఇంటి కాపలా అనే అర్థం ఇవాళే విన్నానండీ" అన్నాడు. "కాపలా అనే మాట మటుకు చిన్నప్పటినించీ మా తాత నోట వింటూనే ఉన్నాను. ఆయన చెప్పింది తమను కాపలా కాసినవాళ్ళ సంగతి."

ఇక ఆగలేదు నేను. "ఏమయ్యా, ఆ రోజు నిన్ను మొదట పిలిచింది నీ ఊరి పేరు విని. నీకు అబద్ధం చెప్పాను. తప్పు చేశాను" అన్నాను. పన్నెండేళ్ళపాటు మోసిన మాట అనటానికి అరనిమిషం పట్టలేదు.

"తెలుసండీ."

"ఎలా తెలుసు?"

"మిగతావాళ్ళని గదుల నంబర్ల వరసన పిలిచారు. మాది పధ్నాలుగో నంబరు గదండీ."

ఏమంటాను? ఇద్దరం మెట్లు దిగి రోడ్డుమీదికి వచ్చాం. టీ తాగుదామన్నాను. తాగుతూ అతనే అన్నాడు: "కిందటేడు మా బళ్ళో ఒక పిల్లను చేర్చటానికి వాళ్ళ నాన్న వచ్చాడండీ. మా ఊరివాడే, పనికోసం రేపల్లె వచ్చాడు. సొంత ఊరేదని అడిగితే బాపట్ల అని రాయించాడు. నాకు తెలుసు. నేనూ బాపట్ల అనే రాశాను. చేతిలో కలం నాదే, నాకే చెయ్యి రాలేదండీ ఆ పేరు రాయటానికి."

అతను నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు. గ్లాసు బల్లమీద పెట్టి, "ఒకసారి మా బడికి రండి మాస్టారూ! ఈ ఇంటిపేర్ల కథ పిల్లలకు చెప్పండి. మీదీ రేపల్లేగా" అన్నాడు.

"తప్పకుండా వస్తాను."

"అయితే ఇవాళ వదిలేసింది మాత్రం అక్కడ వదలొద్దండీ."

"ఏం వదిలేశాను?"

"వార్డెన్ అని, మంచినీళ్ళు తాగారు గదండీ!"

తరవాతి శనివారం పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. మా ఆవిడ రెండు డజన్ల చక్కెరకేళీలు సంచీలో పెట్టింది, పిల్లలకని. బడి కాలవగట్టు పక్కన. రెండు గదులు, ఒక వేపచెట్టు. చెట్టుకింద ముప్ఫై అయిదుమంది పిల్లలు బాసింపట్లు వేసుకుని కూచున్నారు. అతను హాజరుపట్టీ తెచ్చి నా చేతిలో పెట్టి, పక్కన నిలబడ్డాడు. దాన్ని తెరవకుండానే కుర్చీమీద పెట్టేశాను.

"మీ మాస్టారు ఒకప్పుడు నా హాస్టల్లో ఉండేవారర్రా!" అని మొదలుపెట్టాను.